జలుబు మళ్లీ మళ్లీ వస్తోందంటే యాంటీబాడీలు లేనట్టేనా?

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు, బరువు 14 కిలోలు. జూన్‌లో నర్సరీలో చేర్చాం. అప్పటి నుంచి నెలకోసారి జలుబు. ఒకసారి జలుబు చేస్తే ఒంట్లో యాంటీబాడీలు పుడతాయంటారు కదా, మరి మళ్లీ ఎందుకొస్తోంది? మెడికల్ షాపులో అడిగితే అజిత్రోమైసిన్ సిరప్ ఇచ్చారు. వాడాలా? ఇమ్యూనిటీ పరీక్షలు చేయించాలా?
– ఓ తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: నెలకోసారి వచ్చి తగ్గిపోతున్న జలుబును బట్టి మీ బాబులో యాంటీబాడీలు లేవని అనుకోనక్కర్లేదు. జలుబు తెచ్చేది ఒక్క వైరస్ కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కువ జలుబులకు కారణమైన రైనోవైరస్‌లలోనే 160 దాకా రకాలున్నాయి. ఇవి కాక ఆర్‌ఎస్‌వీ, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్‌లు, కోవిడ్‌కు ముందు నుంచీ మన మధ్య తిరుగుతున్న నాలుగు మామూలు కరోనా వైరస్‌లు ఉన్నాయి. జూన్‌లో వచ్చిన రకం మీద పుట్టిన యాంటీబాడీ, జులైలో వచ్చిన రకాన్ని చాలాసార్లు గుర్తుపట్టలేదు.

రైనోవైరస్ అంటే సుమారు 30 నానోమీటర్ల ప్రోటీన్ గుల్ల, దాని లోపల ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యు పదార్థం. గుల్ల మీద సన్నటి లోయల్లాంటి పల్లాలుంటాయి. ముక్కు లోపలి కణాల మీద ఐకామ్-1 అనే ప్రోటీన్ పొడుచుకుని ఉంటుంది. చాలా రకాల రైనోవైరస్‌లు దాన్ని ఆ పల్లంలో ఇరికించుకుని కణాన్ని పట్టుకుంటాయి. యాంటీబాడీ ముందే వెళ్లి పల్లం అంచుల మీద కూర్చుందంటే వైరస్‌కు పట్టు దొరకదు. పైగా మామూలు యాంటీబాడీకి రెండు చేతులుంటే, ముక్కు తడిలో ఉండే ఐజీఏ అనే రకం యాంటీబాడీకి ఎక్కువగా నాలుగుంటాయి. రెండు మూడు వైరస్‌లను ఒకేసారి పట్టి ముద్ద కట్టించేస్తుంది, ఆ ముద్ద చీమిడితో పాటు కొట్టుకుపోతుంది. కొన్ని యాంటీబాడీలైతే గుల్లను విచ్చుకోనివ్వవు, దాంతో లోపలి ఆర్‌ఎన్‌ఏ బయటపడదు. కానీ అవి అతుక్కునే ఆ అంచులే ఒక్కో రకంలో ఒక్కోలా ఉంటాయి. అన్ని జలుబులకూ కలిపి ఒక టీకా రాకపోవడానికీ ఇదే ముఖ్య కారణం.

ఇక సమయం సంగతి. వైరస్ సోకిన 1 నుంచి 3 రోజుల్లో తుమ్ములు మొదలవుతాయి. కొత్త రకం మీద యాంటీబాడీలు తగినంత తయారవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. అంటే మొదటిసారి వచ్చిన జలుబును తగ్గించడంలో వైరస్ పెరగకుండా అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్లు అనే ప్రోటీన్లు, వైరస్ సోకిన కణాలను చంపే టీ కణాలు అనే తెల్ల రక్తకణాల పాత్రే ఎక్కువ, ఎందుకంటే వైరస్ కణం లోపలికి దూరాక యాంటీబాడీ దాన్ని అందుకోలేదు. యాంటీబాడీ అక్కరకొచ్చేది అదే రకం మళ్లీ వచ్చినప్పుడు. ముక్కులోని ఐజీఏ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి, తెలిసిన రకమే మళ్లీ సోకినా సోకవచ్చు, కాకపోతే తరచూ తేలిగ్గా పోతుంది. ఈ వయసు పిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 జలుబులు మామూలే. స్కూల్లో చేరిన మొదటి ఏడాది ఇంకాస్త ఎక్కువే ఉంటాయి.

అజిత్రోమైసిన్ వద్దు. అది బ్యాక్టీరియా మందు, వైరస్ మీద పనిచేయదు. మూడో రోజుకు చీమిడి పసుపుపచ్చగా మారినా భయపడకండి, అందులో తెల్ల రక్తకణాలు చేరడం వల్ల ఆ రంగు వస్తుంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్‌లు నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని మన డ్రగ్ కంట్రోలర్ 2023లోనే ఆదేశించారు. ఇంట్లో పాత సీసా ఉంటే తీసేయండి.

ముక్కు దిబ్బడకు మందు కలపని సెలైన్ డ్రాప్స్ చాలు. ఒక్కో ముక్కులో 2, 3 చుక్కలు, తినే ముందు, పడుకునే ముందు వేయండి. జ్వరం ఉండి బాబు నలతగా ఉంటేనే పారాసిటమాల్. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ ఉంది, 250 మి.గ్రా. ఉండేదీ ఉంది. 14 కిలోల బాబుకు మొదటిదైతే 8 మి.లీ., రెండోదైతే 4 మి.లీ. మాత్రమే. సీసా మారింది చూసుకోకుండా పాత కొలతే పోస్తే డోసు రెట్టింపవుతుంది. రెండు డోసుల మధ్య 6 గంటలు ఆగండి, రోజుకు 4 సార్లు మించకండి. చెంచాతో కాకుండా సిరంజితో కొలవండి. ఆవిరి గిన్నె దగ్గరికి మాత్రం పిల్లాణ్ణి తీసుకెళ్లొద్దు, ఒళ్లు కాలే ప్రమాదం ఉంది. రాత్రి దగ్గుకు పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు, ఏడాదిలోపు పిల్లలకైతే వద్దు.

పరీక్షల విషయానికొస్తే, ఒట్టి జలుబులకు ఇమ్యునోగ్లోబులిన్ (రక్తంలో యాంటీబాడీల మోతాదు చూసే) పరీక్ష అక్కర్లేదు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా రావడం, నాలుగుసార్లు చెవిలో చీము పట్టడం, బరువు పెరగకపోవడం లాంటివి ఉంటే పిల్లల డాక్టర్‌తో మాట్లాడి చేయించండి.

జ్వరం మూడు రోజులు దాటినా, చెవి నొప్పి అన్నా, పిల్లికూతలు వినిపించినా చూపించండి. బాబు నిద్రలో ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 40 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, డొక్కలెగరేస్తున్నా, నీళ్లు కూడా తాగనంటున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.