కావలి మేనకోడలికి, ఎక్స్‌పీ వేసే ముందు

చిట్టితల్లీ,

శుభలేఖల షాపు మళ్లీ తెరుస్తున్నావనీ, పాత సిస్టమ్‌కి ఒక టీబీ (టెరాబైటు) హార్డ్‌డిస్కు కొన్నావనీ, అందులో పాత విండోస్ ఎక్స్‌పీ నువ్వే వేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ నాన్న ఉండుంటే ట్రంకురోడ్డంతా చెప్పుకుని తిరిగేవాడు. నాకు మాత్రం రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

ఈ రోజుల్లో ఎక్స్‌పీ ఏందని నవ్వేవాళ్లు ఉంటారు. వాళ్లెవరూ పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను తెలుగు ఫాంట్లతో శుభలేఖ కొట్టినవాళ్లు కాదు. బావ దాచిన మ్యాటరంతా ఒత్తులు చెదరకుండా తెరుచుకోవాలంటే ఆ పాత సిస్టమ్ ఉండాల్సిందే. కాకపోతే దానికి నెట్ ఇవ్వొద్దు. 2014 ఏప్రిల్‌తోనే మైక్రోసాఫ్ట్ దాన్ని పట్టించుకోవడం మానేసింది. కస్టమర్ల పెన్‌డ్రైవులు కూడా ముందు నీ ల్యాప్‌టాప్‌లోనే తెరువు.

ఒక టీబీయే కొనడం మంచిదైంది. రెండు టీబీ దాటినవి ఆ ఎక్స్‌పీకి పూర్తిగా అందవు. సిస్టమ్ ఆన్ చెయ్యగానే వచ్చే బయోస్ సెట్టింగుల్లో సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ అని ఉంటే, ఎక్స్‌పీకి తెలిసిన పాత పద్ధతి ఐడీఈకి మార్చు. మార్చకపోతే సెటప్ మధ్యలో 7బి అంటూ నీలం తెర వస్తుంది. హడలిపోకు, డిస్కు పోయినట్టు కాదు. పార్టిషన్లు, అంటే డిస్కులో భాగాలు, మాత్రం ముందే ల్యాప్‌టాప్‌లో, ఎక్స్‌పీకి అర్థమయ్యే ఎంబీఆర్ పద్ధతిలో చేసి, మొదటిదాన్ని యాక్టివ్ చెయ్యి, విండోస్ లేచేది దాన్నుంచే. ఎక్స్‌పీని చెయ్యనిస్తే 63వ సెక్టారు (డిస్కులో 512 బైట్ల గడి) నుంచి మొదలెడుతుంది. కొత్త డిస్కులు లోపల 4096 బైట్ల చొప్పున రాసుకుంటాయి కాబట్టి రెంటికీ పొంతన కుదరక పని నెమ్మదిస్తుంది.

ఇక అసలు భయం. ఏ సీడీతో వేస్తున్నావు?

2005 ప్రాంతంలో నేనూ మీ నాన్నా ఒంగోలులో ఒకే ప్రెస్సులో పక్కపక్క సిస్టమ్‌ల మీద కూర్చునేవాళ్లం. ఓనరు 160 జీబీ డిస్కు కొన్నాడు. అప్పట్లో అది సముద్రం. కొన్నాళ్లకు వైరస్ వచ్చింది. బయటినుంచి ఒక కుర్రాడు వచ్చి, 2001 నాటి మొదటి ఎక్స్‌పీ సీడీతో విండోస్ మళ్లీ వేసి, టీ తాగి వెళ్లాడు. అంతా బాగుందనుకున్నాం. ఆ మొదటి ఎక్స్‌పీ 137 జీబీ వరకే లెక్కపెట్టగలదు, విండోస్ చూపించే లెక్కలో 128. సెక్టారు నంబరుకు 28 బిట్లే వాడుతుంది మరి. అది దాటి రాయాల్సి వస్తే, బండి మీటరు తిరిగి సున్నాకొచ్చినట్టు, డిస్కు మొదట్లోకి పోయి రాస్తుంది. ఆ డిస్కులో మా E: డ్రైవు భాగమేమో ఆ 137 జీబీ గీతకు అటూ ఇటూ పరుచుకుని ఉంది. అది సగంపైగా నిండేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఫ్లెక్సీ ఫోటోలు వరసగా సేవ్ చేశాం. పొద్దున్నే సిస్టమ్ లేవలేదు. డిస్కు మొదట్లో ఉండే సీ డ్రైవు ఫార్మాటే కాలేదంటుంది. ఒప్పుకున్న కార్డులన్నీ అందులోనే! ఆడపెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి అరుస్తుంటే మీ నాన్న ఒక్క మాటా అనకుండా ప్రూఫు కాగితాలు ముందేసుకుని మళ్లీ టైపు చేశాడు. తెల్లారేదాకా చేశాడు. పేర్లలో ఒక్క తప్పు లేదు.

అటకమీది అట్టపెట్టెల్లో ప్రూఫులు దాచడం ఆ తర్వాత నుంచే. మీ అమ్మ పాతపేపర్ల వాడికి వేస్తానంటోందట, వెయ్యనివ్వకు.

ఆ జబ్బు 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తోనే (ఎక్స్‌పీ లోపాలకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన దిద్దుబాట్ల మూట) నయమైంది, కానీ నువ్వు సర్వీస్ ప్యాక్ 3 కలిపి ఉన్న సీడీయే వాడు. షాపు సొరుగులో ఉన్నది ఏ కాలంనాటిదో నమ్మకం లేదు. వేసేటప్పుడు బావ పాత డిస్కు కేబుల్ పీకి పక్కన పెట్టు. రెండూ తగిలించి ఉంచి, సెటప్‌లో ఏది ఏదో తికమకపడి ఎంటర్ కొట్టావంటే నేను ఊరుకోను. నీ తొందర నాకు తెలుసు, స్కూటీ నేర్చుకున్నప్పుడే చూశాను. తప్పు పట్టడం కాదమ్మా, ఆ డిస్కులో బావ చేతిపని ఉంది.

బావ డిస్కులోని ఫైళ్లు కొత్తదానికి కాపీ అయ్యాక రెండువైపులా ఫైళ్ల సంఖ్య సరిచూడు. పాత డిస్కును ఊరికే పడి ఉంది కదా అని ఫార్మాట్ చేసి వాడుకోవద్దు, బీరువాలో పెట్టు.

ఆదివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వస్తాను, ఎస్పీ3 సీడీ తెస్తాను. ఈలోగా ఆ సిస్టమ్‌లో సీడీ డ్రైవు ట్రే బయటికి వస్తోందో లేదో చూసి ఫోన్ చెయ్యి. రాకపోతే ఇక్కడ నా పాతదొకటుంది, పట్టుకొస్తాను.

మీ మామయ్య
ఒంగోలు