నెలలు నిండుతున్న బిడ్డకు పెద్దమ్మ రాసేది

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినవాటికి సగమే జవాబు చెప్పాను. పక్కన మీ అత్తమ్మ ఉన్నారు కదా, కొన్ని మాటలు అప్పుడు బాగుండవు. మిగతావి రాస్తున్నా. చదివి అల్లుడికీ చూపించు. ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, కొంచెం చాదస్తంగా ఉంటుంది, ఓర్చుకో.

ముందు ముహూర్తం సంగతి తేలుద్దాం. నీకు డాక్టరు ఇచ్చిన డేటు జూన్ 14. ఆపరేషన్‌కు మే 24 మంచి రోజని అయ్యగారు అన్నారని మీ అత్తమ్మ అంటున్నారు. ఆ రోజుకు నీకు సరిగ్గా 37 వారాలు. '37 నిండితే చాలు, ఎప్పుడు తీసినా ఒకటే' అని ఊళ్లో అందరూ అనేస్తారు. ఒకటి కాదు. 35 వారాల దగ్గర బిడ్డ మెదడు బరువు, నిండు నెలల బిడ్డ మెదడు బరువులో మూడింట రెండు వంతులే ఉంటుంది. మిగతాదంతా ఈ చివరి వారాల్లోనే పెరగాలి. నొప్పులు మొదలైతేనే బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు బాగా ఇంకుతుంది. నొప్పులు రాకుండా, 39 వారాలు దాటకుండా ఆపరేషన్ చేసి తీసిన పిల్లల్లో ఆయాసం వచ్చి ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, అద్దాల పెట్టెలో పెట్టాల్సినవాళ్లు ఎక్కువ. మంచి నక్షత్రంలో పుట్టి మొదటి రెండు రోజులు అమ్మ ఒళ్లో లేకుండా గడిపిన పిల్లల్ని చాలామందిని చూశాను. మూల నక్షత్రమో జ్యేష్ఠో పడితే శాంతి చేయించుకోవచ్చు. ఎన్‌ఐసీయూకి ఏ శాంతీ లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ అంత లేదు. దేశం మొత్తం మీద చూస్తే నూటికి 21 చిల్లర. మన ఆడవాళ్ల ఒళ్లు వేరే రకంగా ఏమీ లేదు కదా. అందులో ముహూర్తాల వాటా ఉంది, 'నొప్పులు నేను పడలేను' అన్న భయం వాటా ఉంది, దవాఖానల తొందర వాటా కూడా ఉంది.

అలాగని ఆపరేషన్ అంటే భయపడకు, చిన్నతనం అనుకోకు. మాయ కిందికి ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, నీ బీపీ పెరిగినా, బిడ్డ గుండె వేగం తగ్గుతున్నా ఆపరేషనే ప్రాణం కాపాడుతుంది. అప్పుడు ఒక్క నిమిషం కూడా వాదించవద్దు. డాక్టరమ్మను అడగాల్సింది ఒకటే: 'ఎందుకు చేయాలంటున్నారు? ఇంకో వారం ఆగితే ఏమవుతుంది?' కారణం ఉన్న డాక్టరు కోపం తెచ్చుకోకుండా చెబుతారు. అత్తమ్మతో నువ్వు గొడవ పెట్టుకోకు. '39 వారాలు దాటేదాకా ముట్టుకోనని డాక్టరమ్మ అన్నారు' అని అల్లుడితో చెప్పించు. ఆ మాట కొడుకు నోటి నుంచి వస్తే ఇంట్లో శాంతిగా ఉంటుంది.

ఇక ప్రయాణం. కరీంనగర్‌కు ఎప్పుడు రావాలని అడిగావు. ఇప్పుడు 35 వారాలు నడుస్తున్నాయి, ఈ వారాంతంలోనే వచ్చేయ్. రోహిణి కార్తె ఎండల్లో రాజీవ్ రహదారి మీద నిండు గర్భిణి ప్రయాణం వద్దు. బయలుదేరే ముందు అక్కడి డాక్టరుకు చెప్పి సరే అనిపించుకో. తెల్లవారుజామున బయలుదేరండి. గంటకోసారి బండి ఆపి పది అడుగులు నడువు, లేకపోతే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. సీటు బెల్టు తప్పకుండా పెట్టుకో. కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద, తొడల పైభాగంలో ఉండాలి. పైపట్టీ రొమ్ముల మధ్య నుంచి పక్కకు పోవాలి.

వచ్చిన రెండు మూడు రోజుల్లోనే ఇక్కడి దవాఖానలో చూపించుకో. నొప్పులతో మొదటిసారి గడప తొక్కితే వాళ్లకు నీ సంగతి ఏమీ తెలియదు, అన్నీ మొదటి నుంచి చేస్తారు. అప్పుడే నాలుగు విషయాలు అడిగేయ్: రాత్రిపూట పిల్లల డాక్టరు ఉంటారా, మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు, రక్తం ఎక్కడి నుంచి తెస్తారు, లేబర్ రూములో నాతో ఒకరిని ఉండనిస్తారా. ఈ చివరిది చిన్న విషయం అనుకోకు. పక్కన తెలిసిన మనిషి చేయి పట్టుకుని ఉంటే నొప్పుల సమయం తగ్గుతుందని మాకు ట్రైనింగులోనే చెప్పారు, కళ్లారా చూశాను కూడా. మీ అమ్మ ఉంటుందా అల్లుడు ఉంటాడా అనేది ఇప్పుడే తేల్చుకోండి. నన్నడిగితే అల్లుడే నయం. మా చెల్లె రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోతుంది, ఆమెను చూసుకోవడానికి ఇంకో నర్సు కావాలి.

డబ్బు సంగతి కూడా మొహమాటం లేకుండా అడగాలి. మామూలు కాన్పుకు ఎంత, ఆపరేషన్‌కు ఎంత, బిడ్డను ఎన్‌ఐసీయూలో పెట్టాల్సి వస్తే రోజుకు ఎంత అని కాగితం మీద రాయించుకోండి. మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌లో కాన్పుకు పరిమితి వేరుగా ఉంటుంది, అది ఎంతో చూడు. పుట్టిన రోజు నుంచే బిడ్డకు వర్తిస్తుందో లేదో కూడా చూడు. సర్కారు దవాఖానకు వెళ్దామనుకుంటే నాకు సంతోషమే. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద అక్కడ కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటికి బండి అన్నీ ఉచితం. రద్దీ ఉంటుంది, అది నిజం. కానీ రాత్రి రెండింటికి కూడా డ్యూటీలో డాక్టరు ఉంటారు.

నీది నెగెటివ్ గ్రూపు, మరిచిపోకు. ఏడో నెలలో ఇంజెక్షన్ ఇచ్చారు సరే, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు ఇంకొకటి ఇవ్వాలి. దవాఖానలో గుర్తుంచుకుంటారు, అయినా అల్లుడి ఫోన్‌లో అలారం పెట్టించు. నెగెటివ్ రక్తం త్వరగా దొరకదు. నీ గ్రూపు వాళ్లు చుట్టాల్లోనో స్నేహితుల్లోనో ఇద్దరు ఎవరున్నారో కనుక్కుని, జూన్‌లో ఊళ్లో ఉంటారో లేదో అడిగి పెట్టుకోండి.

సంచి గురించి మీ అమ్మ నన్ను రోజూ చంపుతోంది. మనవాళ్లు పుట్టకముందే కొత్త బట్టలు కొనరు కదా, ఆ పట్టింపు నాకూ నచ్చుతుంది. ఎందుకంటే కొత్త బట్టల గంజి పసిచర్మానికి మంచిది కాదు. మీ అమ్మ పాత నూలు చీరలు రెండు తీసి, చింపి, ఉతికి, ఎండలో బాగా ఆరేసి పెట్టమను. పొత్తిగుడ్డలకు అంతకంటే మెత్తనివి ఏ షాపులోనూ దొరకవు. నీకు ముందు గుండీలున్న నైటీలు, పెద్ద ప్యాడ్లు, ముదురు రంగు లోదుస్తులు, జారని చెప్పులు, దువ్వెన, ఫోన్ చార్జరు, నీళ్ల సీసా. బిడ్డకు టోపీ, సాక్సు. ఎండాకాలం కదా టోపీ ఎందుకని అనకు, లేబర్ రూములో ఏసీ ఉంటుంది, తడి తల త్వరగా చల్లబడుతుంది. కాగితాలు మాత్రం వేరే కవరులో: మాతా శిశు రక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులన్నీ, ఆధార్లు, ఇన్సూరెన్స్ కార్డు. ఆ కవరు అల్మారాలో కాదు, తలుపు దగ్గర మేకుకు తగిలించండి.

సీమంతంలో నిండుగా వేసిన గాజులు అందంగా ఉన్నాయి, ఉండనీ. కానీ థియేటర్‌కు తీసుకెళ్లేటప్పుడు తీసేయాల్సి వస్తుంది, అప్పుడు పగలగొడుతుంటే నీకు మనసు బాధపడుతుంది. 38వ వారం వచ్చేసరికి రెండేసి ఉంచి మిగతావి సబ్బు నీళ్లతో తీసి దాచుకో. మెట్టెలు ఇప్పుడే చూసుకో, కాళ్లు వాచాక అవి రావు. గోళ్లకు రంగు వేసుకోకు, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్‌కు అది అడ్డం.

తిండి గురించి ఎక్కువ చెప్పను, నీకు తెలుసు. నెయ్యి తాగితే బిడ్డ జారి వస్తుందన్నది వట్టి మాట, అది పేగుల్లోకి పోతుంది తప్ప ఇంకెక్కడికీ పోదు. ఆముదం తాగి నొప్పులు తెచ్చుకోమని ఎవరైనా అంటే వినకు. ఐరన్ మాత్ర టీతో వద్దు, కాల్షియంతో కలిపి వద్దు, నిమ్మరసంతో అయితే బాగా ఒంటబడుతుంది. రాత్రి కడుపు నిండా తినకుండా కొంచెం కొంచెంగా తిను, ఛాతీలో మంట తగ్గుతుంది. నీళ్లు, మజ్జిగ, అంబలి బాగా తాగు. ఈ ఎండలకు ఒంట్లో నీరు తగ్గితే పొట్ట ఊరికే గట్టిపడుతూ ఉంటుంది, అదే నొప్పులనుకుని భయపడతావు. ఇల్లు వంగి తుడిస్తే కాన్పు సులువవుతుందని మీ నానమ్మ అంటుంది. తుడవాలనిపిస్తే తుడువు, లేకపోతే పొద్దున్నే ఎండ రాకముందు అరగంట నడువు, అది చాలు. పక్కకు తిరిగి పడుకో, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో. నిద్రలో వెల్లకిలా తిరిగిపోయావని టెన్షన్ వద్దు, మెలకువ వచ్చినప్పుడు తిరిగితే సరిపోతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు.

'తొమ్మిదో నెలలో చోటు చాలక బిడ్డ కదలడం తగ్గుతుంది' అంటారు. తప్పు. కదిలే తీరు మారుతుంది, తన్నడం బదులు దొర్లినట్టు అనిపిస్తుంది. కదలడం మాత్రం చివరి రోజు దాకా తగ్గకూడదు. రోజూ ఒకే వేళకు, భోజనం చేశాక ఎడమ పక్కకు పడుకుని లెక్కపెట్టు. రెండు గంటల్లో పది కదలికలు రావాలి. రాకపోతే చల్లటి నీళ్లు తాగి, స్వీటు తిని, పొద్దున్న చూద్దాం అనుకోవడం వద్దు. అప్పుడే వెళ్లి గుండె చప్పుడు చూపించుకో. ఏమీ లేదని పంపిస్తే మంచిదే, ఎవరూ నవ్వరు. నవ్వితే నా పేరు చెప్పు.

తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులో మసకో, పక్కటెముకల కింద పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం, చేతులు ఒక్కసారిగా వాచడం, ఇవి బీపీ గుర్తులు. సాయంత్రం కాళ్లు వాచితే మామూలే, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బితే కాదు. అరిచేతులు, అరికాళ్లు రాత్రంతా దురద పెడితే చెమటకాయలని పౌడరు రాసుకోకు, కాలేయం పరీక్ష చేయాలి. రక్తం నెలసరిలాగా పోతే ఇంకేమీ చూడవద్దు, 108కి ఫోన్ చేయండి.

ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెళ్లాలి. ఒక్కోసారి సినిమాల్లోలా ధారగా పోదు, చుక్కలు చుక్కలుగా తడుస్తూ ఉంటుంది, మూత్రమేమో అనుకుంటావు. ప్యాడ్ పెట్టుకుని రంగు చూడు. ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో ఉంటే బిడ్డ లోపలే విరేచనం చేసిందని అర్థం, అప్పుడు మరీ తొందరపడాలి.

దొంగ నొప్పులకూ అసలు నొప్పులకూ తేడా ఎలా తెలుస్తుందన్నావు. దొంగ నొప్పులు నడిస్తేనో నీళ్లు తాగి పడుకుంటేనో తగ్గిపోతాయి, ఒక లెక్క ఉండదు. అసలువి నువ్వు ఏం చేసినా ఆగవు. నడుము నుంచి మొదలై ముందుకు వస్తాయి, మధ్య వ్యవధి తగ్గుతూ పోతుంది. తొలి కాన్పు కాబట్టి అయిదు నిమిషాలకొకటి, ఒక్కొక్కటి నిమిషం పాటు, అలా గంట సేపు వస్తే బయలుదేరండి. మొదటి చిన్న నొప్పికే పరుగెత్తితే బెడ్డు మీద గంటల తరబడి పడుకోబెడతారు, అందరి ఓపికా పోతుంది. ఇంట్లో స్నానం చేసి, ఏదైనా తేలిగ్గా తిని, నడుస్తూ ఉండు. జిగటగా కొంచెం రక్తపు చారతో పోతే కంగారు లేదు, నొప్పులు మొదలవడానికి ఇంకా రోజులు పట్టవచ్చు.

పుట్టాక సంగతులు మీ అమ్మతో నేను మాట్లాడతా. బిడ్డను వెంటనే నీ ఛాతీ మీద వేయమని అడుగు, గంటలోపు పాలు పట్టు. పసుపుపచ్చగా చిక్కగా వచ్చేవి ముర్రుపాలు, పిండి పారేయవద్దు. చుక్కలే వస్తున్నాయని ఏడవకు, ఆ చిన్న పొట్టకు అవే సరిపోతాయి. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం ఏవీ నాకించవద్దు. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలన్న పత్యం ఈ ఎండాకాలంలో నేను జరగనివ్వను. కాయం, అదే బాలింత మందు, కొంచెం తింటే నష్టం లేదు, ఆ ఒక్కటి మీ నానమ్మకు వదిలేశాను.

జనన నమోదు 21 రోజుల్లోపు కావాలి, దవాఖానవాళ్లే పంపుతారు. అల్లుడు చేయాల్సింది తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగులు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోవడం. తొట్టెలలో ఏ పేరు పెట్టాలో మీరు తేల్చుకోకపోయినా ఫర్వాలేదు, పేరు ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు.

సోమవారం చెకప్ అయ్యాక బీపీ, హిమోగ్లోబిన్, ఆఖరి స్కానింగ్ కాగితం, ఈ మూడూ ఫోటో తీసి నాకు పంపు. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే బయలుదేరే ముందే ఫోన్ చేయి, ఇక్కడ డాక్టరమ్మతో ముందుగా మాట్లాడి పెడతాను.

ఉంటాను,
పెద్దమ్మ