మా ఎదురుగా ఉన్న పునుగుల బండి, నా సంతకం

"ఫుట్‌పాత్ బళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తేల్చేటప్పుడు కాలనీవాళ్ల మాట వినాలా?" అని అడిగారు. వినాలి. అయితే మా మాట విన్నప్పుడు ఏమైందో చెబుతాను.

మాది విజయవాడ సత్యనారాయణపురం. మా అపార్ట్‌మెంట్ ఎదురుగా ఒకావిడ సాయంత్రాలు పునుగుల బండి పెట్టేది. పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. ఆ అల్లం చట్నీ సంగతి ఎత్తితే అసలు విషయం పక్కకు పోతుంది. ఒక ఆదివారం మా అసోసియేషన్ మీటింగ్‌లో నూనె వాసన, బైకులు అడ్డం అంటూ అర్జీ రాశారు. అందరూ పెడుతుంటే నేనూ సంతకం గీకేశాను. ముందురోజు అక్కడే రెండు ప్లేట్లు లాగించినవాణ్ణి!

వారం తిరక్కుండానే కార్పొరేషన్ లారీ వచ్చింది. మూకుడు, పొయ్యి, పిండి బకెట్టు అన్నీ ఎక్కించుకుపోయారు. పిన్నిగారు నేరుగా నా దగ్గరికే వచ్చింది. "చదువుకున్నవాడివి బాబూ, ఓ కాగితం రాసిపెట్టు." అర్జీ మీద నా సంతకం ఉందని ఆమెకు తెలీదు. రాసిచ్చాను. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం నేను చదివింది అప్పుడే. ఖాళీ చేయించే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పాడైపోయే సరుకు పట్టుకెళ్తే, వచ్చి అడిగిన రోజే తిరిగివ్వాలి. మేం రెండు రోజులు తిరిగితే మూడో రోజు ఇచ్చారు. బకెట్టు మూత తీయగానే కంపుకు గుమాస్తా ముక్కు మూసుకున్నాడు. "బకెట్టు కొత్తది బాబూ, కడిగితే పోతుంది" అందావిడ.

అదే చట్టంలో టౌన్ వెండింగ్ కమిటీ అని, ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసేది ఒకటి ఉంది. మునిసిపల్ కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు ఎన్నుకున్న వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. కాలనీ సంఘాలకూ చోటుంది. మా మీటింగ్‌లోనేమో చోటంతా మాదే. గేటు అవతల పునుగులు వేస్తున్న మనిషిని పిలుద్దామని ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడు బండి ఉన్నచోట రాత్రింబవళ్లు రెండు కార్లుంటాయి. ఒకటి మా ప్రెసిడెంట్‌గారిది. దాన్ని తప్పించుకుని అందరం రోడ్డు మీదే నడుస్తున్నాం, దాని మీద మాత్రం అర్జీ లేదు. నన్నడిగితే ఈ ఊళ్లో ఫుట్‌పాత్‌లు మింగింది బళ్లు కాదు, కార్లూ షాపుల మెట్లూ. బీసెంట్ రోడ్డులో నడవలేకపోతున్నామని ఏడాదంతా గోల పెట్టేవాళ్లే పండక్కి అక్కడి బళ్ల దగ్గరే పది రూపాయలకు బేరమాడతారు.

పిన్నిగారు ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు వైపు పెడుతోంది. నడిస్తే పావుగంట. సంతకం సంగతి ఇంకా చెప్పలేదు. నాకు మాత్రం అడక్కుండానే రెండోసారి చట్నీ వేస్తుంది.