మాటే నాణెంగా చెల్లే లోకం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కాల్పనిక సాహిత్యం రాస్తున్న పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ఊహ చుట్టూ అల్లుకున్నవి. మంత్రంతో కట్టుబడిన మాటను జనం డబ్బులాగా ఇచ్చిపుచ్చుకునే లోకం ఎలా నడుస్తుందన్నదే ఆ ఊహ. అందుచేత ఆ ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాము.

ప్రశ్న: నా నవలలో మంత్రముద్ర వేసి ఇచ్చిన మాటను తప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అలాంటప్పుడు అందరి మాటకూ ఒకే విలువ ఉండాలి కదా, ఒకరి మాట ఎక్కువకూ ఇంకొకరి మాట తక్కువకూ ఎందుకు చెల్లాలి అని నా మిత్రుడు అడిగాడు. ఏమని చెప్పాలి?

జవాబు: మనిషి మాట తప్పడానికి ప్రధానంగా రెండు కారణాలుంటాయి. ఒకటి మనసు లేకపోవడం, రెండవది చేతకాకపోవడం. మీ మంత్రం మొదటిదాన్ని పూర్తిగా తుడిచిపెడుతుంది కానీ రెండవదాని జోలికి పోదు. మాటల విలువలో తేడాలన్నీ అక్కడి నుంచే పుడతాయి.

ఒక పడవవాడిని ఊహించుకోండి. “ఈ బిళ్ల ఎవరి చేతిలో ఉంటే వారిని ఒకసారి ఏరు దాటిస్తాను” అని మంత్రముద్ర వేసి, ఆ బిళ్లను కుమ్మరికి ఇచ్చి కుండలు తీసుకున్నాడు. కుమ్మరి దాన్ని వైద్యుడికిచ్చి మందు తీసుకున్నాడు. వైద్యుడి నుంచి అది ఇంకో నలుగురి చేతులు మారి, చివరికి ఏటి ముఖం కూడా ఎరుగని ఒక వర్తకురాలికి చేరింది. ఆమె వరద రోజున అర్ధరాత్రి రేవుకు వచ్చి బిళ్ల చూపించింది. పడవవాడికి మాట తప్పే ఉద్దేశం లేదు, తప్పే వీలూ లేదు. కానీ ఏరు దాటడం ఆ రాత్రి ఎవరి వల్లా అయ్యే పని కాదు. ఇప్పుడు మంత్రం ఏం చేస్తుంది? మీ లోకానికి మూలస్తంభం ఈ ప్రశ్నే. దీనికి జవాబు నిర్ణయించుకోకుండా మొదటి అధ్యాయం కూడా రాయవద్దని మా సలహా.

అసాధ్యమైన పనికి బాధ్యత ఉండదని ప్రాచీన రోమన్ న్యాయశాస్త్రం చెప్పింది. నేటి న్యాయస్థానాలైతే చాలా సందర్భాలలో పనికి బదులు నష్టపరిహారం ఇప్పిస్తాయి. మంత్రానికి ఇలాంటి వెసులుబాటు ఉంటుందా? మాట చెల్లించలేనివాడు ప్రాణం కోల్పోతాడని చాలామంది రచయితలు తొందరపడి రాస్తారు. అలా రాస్తే పడవవాడితో పాటు వర్తకురాలు కూడా నష్టపోతుంది, ఎందుకంటే అతను చనిపోతే ఆమె చేతిలో మిగిలేది వట్టి బిళ్ల. అంతకంటే, వరద తీసేవరకు మాట అతన్ని రేవు వదలి కదలనివ్వదనీ, ఏరు శాంతించిన క్షణాన అతని చేతులు తెడ్డు మీదికి వెళతాయనీ పెట్టుకుంటే కథకూ బలం వస్తుంది, లెక్కకూ పొంతన కుదురుతుంది.

పడవవాడు ఇలాంటి బిళ్లలు ఇప్పటికి ఎన్ని ఇచ్చాడన్నది కూడా తేలాలి. పది ఇచ్చినవాడి మాటకూ పదివేలు ఇచ్చినవాడి మాటకూ ఒకే విలువ ఉండదు, ఎందుకంటే రెండోవాడి ఆయుష్షు మొత్తం తెడ్డు వేసినా తీరదు. కాబట్టి ఎవరు ఎన్ని మాటలు ఇచ్చి ఉన్నారో పదిమందికీ తెలిసే మార్గం ఒకటి మీ లోకంలో ఉండాలి. మధ్యయుగపు ఇంగ్లండు ఖజానాలో అప్పును కర్రపుల్ల మీద గాట్లుగా నమోదు చేసి, పుల్లను నిలువునా చీల్చి, అప్పు ఇచ్చినవాడికి ఒక ముక్క, తీసుకున్నవాడికి ఒక ముక్క ఇచ్చేవారు. రెండు ముక్కలూ కలిపితే గాట్లూ చెక్క చారలూ సరిపోవాలి కనుక మోసానికి తావుండేది కాదు. ఆ పద్ధతి ఎత్తేశాక మిగిలిపోయిన పుల్లలను 1834లో కొలుముల్లో తగలబెట్టబోతే మంటలు పాకి పార్లమెంటు భవనమే కాలిపోయింది. మీ పడవవాడి ఇంటి దూలానికి అతనిచ్చిన ప్రతి మాటకూ ఒక గాటు పడుతుందనుకోండి. ఆ దూలాన్ని చూసే జనం అతని బిళ్లకు విలువ కడతారు.

ప్రశ్న: కథానాయిక తల్లి పొరుగింటావిడకు ఇచ్చిన మాట చేతులు మారి శత్రువుకు చిక్కుతుంది. “నేను ఇచ్చింది ఆమెకు, నీకు కాదు” అని తల్లి అనవచ్చా?

జవాబు: మాట డబ్బుగా మారే గడప ఇదే. ఫలానా వ్యక్తికి ఇచ్చిన మాట ఆ ఇద్దరి మధ్య బంధం మాత్రమే. ఎవరు తెచ్చినా చెల్లిస్తానన్న మాటకే చెలామణి ఉంటుంది. ఈ రెండింటి నడుమ మెట్లు కూడా ఉన్నాయి. పూర్వపు వర్తకులు సొమ్ము చెల్లింపు కోసం రాసి ఇచ్చుకునే పత్రాలను హుండీలనేవారు. వాటిలో షాజోగ్ హుండీ అని ఒకటుండేది. దాన్ని దారిన పోయేవాడు తెస్తే సొమ్ము ఇచ్చేవారు కాదు, బజారులో పేరున్న పెద్ద వర్తకుడి ద్వారా వస్తేనే చెల్లించేవారు. జోఖమీ హుండీ అయితే సరుకు క్షేమంగా చేరితేనే చెల్లేది. మీ కథలోని తల్లి తెలివైనదైతే తన మాటలో ఇలాంటి షరతు పెట్టి ఉండేది. పెట్టలేదు కాబట్టి ఆమె తప్పించుకోలేదు, తప్పించుకోనివ్వవద్దు కూడా. మీ కథకు ఆయువుపట్టు అదే.

ఇంకొక మార్గం కూడా ఆలోచించండి. ఐరోపా వర్తకులు హుండీల వంటి తమ పత్రాలను ఇంకొకరికి బదలాయించేటప్పుడు వెనక సంతకం చేసేవారు. అసలువాడు చెల్లించకపోతే సంతకం చేసిన ప్రతివాడూ పూచీ పడాలి. కాబట్టి పత్రం ఎన్ని చేతులు మారితే దాని మీద నమ్మకం అంత పెరిగేది. మీ లోకంలోనూ మాటను దాటించిన ప్రతి మనిషీ దానికి కొంత కట్టుబడతాడని పెట్టుకుంటే, పొరుగింటావిడ ఆ మాటను శత్రువుకు అమ్మే ముందు నాలుగుసార్లు ఆలోచించేది.

మంత్రం లేకుండానే ఇది జరిగిన సందర్భం ఉంది. 1970లో ఐర్లండులో ప్రధాన బ్యాంకులు ఆరు నెలలకు పైగా మూతపడితే, జనం రాసుకున్న చెక్కులే చేతి నుంచి చేతికి డబ్బుగా నడిచాయి. ఎవరి చెక్కు నమ్మవచ్చో దుకాణదారులకూ పానశాలల యజమానులకూ తెలుసు, వారికి ఖాతాదారుల గుణం, స్తోమత రెండూ ఎరుకే. మంత్రం ఉన్న లోకంలో గుణం చూడనక్కరలేదు, స్తోమత మాత్రం చూసి తీరాలి.

ప్రశ్న: “ఏది అడిగితే అది ఇస్తాను” అన్న మాటకు మా లోకపు బజారులో ధర ఎలా కట్టాలి?

జవాబు: కట్టలేరు, అందుకే అది డబ్బుగా పనికిరాదు. దశరథుడు కైకేయికి ఇచ్చిన రెండు వరాలను గుర్తు చేసుకోండి. అడిగేది ఏమిటో, ఎప్పటిలోగా అడగాలో ఆయన చెప్పలేదు. ఆమె వెంటనే వాడుకోకుండా దాచుకుంది. ఇచ్చిన రోజున మురిపెంగా ఉన్న ఆ మాటలు పట్టాభిషేకం ముందురోజుకు రాజ్యమంత బరువెక్కాయి. హద్దులేని మాటను చేతిలో ఉన్నవాడు ఎన్నడూ ఖర్చు చేయడు, అవసరం బాగా ముదిరేవరకు దాచుకుంటాడు. చెడ్డ నాణెం మంచి నాణేన్ని చెలామణి నుంచి తరిమేస్తుందని గ్రెషమ్ పేరుమీద ప్రసిద్ధమైన సూత్రం ఒకటుంది. ఇక్కడా అదే జరుగుతుంది. అల్పమైన మాటలు బజారులో తిరుగుతాయి, గొప్పవన్నీ పెట్టెల్లోకి చేరతాయి. కథ మాత్రం ఆ పెట్టెల దగ్గరే నడుస్తుంది.

ప్రశ్న: రాజు ఎన్ని మాటలైనా ముద్రించవచ్చా? ధరలు పెరగవా?

జవాబు: పెరుగుతాయి. చైనాలో సిచువాన్ ప్రాంతపు వర్తకులు బరువైన ఇనుప నాణేలకు బదులు పత్రాలు వాడుతుంటే, ప్రభుత్వం ఆ పని తన చేతిలోకి తీసుకుని 1024లో స్వయంగా జారీ మొదలుపెట్టింది. ఆ పత్రాలకు గడువుండేది, తీరాక కొత్తవాటితో మార్చుకోవలసి వచ్చేది. తర్వాతి కాలంలో హద్దు మీరి ముద్రించేసరికి వాటి విలువ పడిపోయింది. మీ రాజు బంగారం ఇస్తానని మాట ఇచ్చి ఉంటే ఖజానాలో ఉన్నదానికి మించి ఇవ్వలేడు, మంత్రం అతని గొంతు పట్టుకుంటుంది. కానీ “ఈ మాటకు బదులు ఇంకో మాట ఇస్తాను” అని రాశాడనుకోండి, ఎన్నైనా ఇవ్వవచ్చు. బ్రిటన్ 1931లో నోట్లకు బంగారం ఇవ్వడం మానేసినా, అడిగిన వెంటనే చెల్లిస్తానన్న వాక్యం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటు మీద ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: పేదవాడికి ఇవ్వడానికి తన శ్రమ తప్ప ఏమీ ఉండదు. “ఏడేళ్లు చాకిరీ చేస్తాను” అని అతను మాట ఇస్తే అదీ చెలామణిలోకి వస్తుందా?

జవాబు: మీరు నియమం పెట్టి ఆపకపోతే వస్తుంది. అప్పుడు బజారులో చేతులు మారేది బిళ్ల కాదు, మనిషి. ప్రాచీన రోములో అప్పుకు తన శరీరాన్నే తాకట్టు పెట్టే ఒప్పందం ఉండేది. జనంలో చెలరేగిన అసంతృప్తి వల్ల క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో దాన్ని రద్దు చేశారు. అక్కడ చట్టం మార్చగలిగారు, పారిపోయేవాడు పారిపోగలిగాడు. మంత్రానికి కట్టుబడినవాడికి ఆ దారి కూడా లేదు. ఇలాంటి లోకాన్ని వినోదంగా మాత్రమే చూపించి వదిలేయడం మాకు సమ్మతం కాదు. చాకిరీ మాటను ఇచ్చినవాడి అనుమతి లేకుండా ఇంకొకరికి దాటించకూడదన్న నియమాన్ని మీ మంత్రంలోనే పెట్టండి. లేదా ఆ నియమం లేని లోకాన్నే రాయదలిస్తే, ఏడేళ్లలో అయిదుగురు యజమానులను చూసిన ఆ మనిషికి నవలలో ఒక అధ్యాయమైనా కేటాయించండి. ఆరో యజమాని పేరు అతనికి ఎవరు చెబుతారో, ఎప్పుడు చెబుతారో ఆ అధ్యాయంలో రాయండి.