పాపం నుంచి రక్షణ విశ్వాసం వల్లనే అయితే, విధేయత ఎందుకు?

అబ్రాహామునే చూడండి. దేవుడు పిలిస్తే హారాను అనే ఊరు విడిచి బయలుదేరేనాటికి ఆయనకు 75 ఏళ్లు. చేరవలసిన దేశం ఏదో అప్పటికి తెలియదు. ఆదికాండం 15వ అధ్యాయంలో ఆయన దేవుణ్ణి నమ్మాడు, ఆ నమ్మకమే ఆయనకు నీతిగా ఎంచబడింది. తన కొడుకు ఇస్సాకును బలిగా అర్పించడానికి సిద్ధపడింది 22వ అధ్యాయంలో. పౌలు రోమా పత్రిక 4వ అధ్యాయంలో ఆ నమ్మకాన్ని, యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో ఇస్సాకు అర్పణను ముఖ్యంగా చూపిస్తారు. ఒకరు విశ్వాసాన్ని, మరొకరు క్రియలను నొక్కి చెప్పినా, ఇద్దరి మధ్య విరోధం ఉందని నేననుకోను. చెట్టు బతికి ఉంది గనుకే కాయలు కాస్తుంది, కాయల వల్ల బతకదు.

విధేయత అంటే తప్పే చేయకపోవడం కాదు. అబ్రాహాము ఐగుప్తులో భయపడి తన భార్య శారాను చెల్లెలని చెప్పించాడు. అయినా దేవుడు ఆయన్ని విడిచిపెట్టలేదు. తడబడుతున్న విశ్వాసులు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి.

ఆచరణలో ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఇప్పటికే స్పష్టంగా తెలిసిన ఆజ్ఞ దగ్గర. పనివాళ్ల కూలి బిగపట్టారా? యాకోబు 5:4 చదివి ఈరోజే ఇచ్చేయండి. ఎవరినైనా క్షమించలేకపోతున్నారా? ముందు ప్రార్థనలో వారి పేరు చెప్పండి. మనసు కుదుటపడేదాకా ఆగనక్కర్లేదు. రాత్రంతా వలవేసినా ఏమీ దొరకని పేతురు కూడా, యేసు మాట మీదే మళ్లీ వల వేశాడు.