టెక్ సందేహాలు: ముందు నెగెటివ్‌లు, తర్వాతే కెమెరా

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు: నేను రిటైరైన ఫొటోగ్రాఫర్‌ని. పెళ్లిళ్లకు వాడిన యాషికా ఎలక్ట్రో 35 కెమెరా నా దగ్గరే ఉంది. బ్యాటరీ దొరకడం లేదు. నేను వాడిన ఫిల్ములు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. ఆన్‌లైన్‌లో పాత కోడాక్రోమ్ రంగుల ఫిల్ము రీలు కనిపించింది, కొనవచ్చా? నెగెటివ్‌ల బీరువా తెరిస్తే పుల్లటి వాసన వస్తోంది, ఎందుకు?

మీరు చివర్లో అడిగినదే అన్నిటికన్నా తొందరైన పని. అది ఎసిటిక్ ఆమ్లం వాసన. ఫిల్ముకు ఆధారంగా ఉండే ఎసిటేట్ పొర వేడికీ తేమకూ విచ్ఛిన్నమై ఆ ఆమ్లాన్ని వదులుతుంది. అది పక్కనున్న నెగెటివ్‌లనూ పాడుచేస్తుంది. ఒంగోలులో వేడికీ తేమకూ కొదవేముంది! వాసన వస్తున్నవాటిని ఈరోజే వేరుచేయండి. ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి కాగితం కవర్లలో పెట్టండి. వంకర తిరగడం మొదలైనవాటిని ముందుగా కాపీ చేసుకోండి.

స్కానర్ కొననక్కర్లేదు. దగ్గరినుంచి స్పష్టంగా తీయగల కెమెరా లేదా మంచి ఫోను, స్టాండు, తెల్లని ఎల్‌ఈడీ ప్యానెల్ చాలు. మరో ఫోను తెరను వెలుగుగా వాడితే పిక్సెళ్లు గళ్లుగళ్లుగా పడతాయి. మధ్యలో పాలరంగు అక్రిలిక్ పలక ఉంచండి. గదిలో దీపాలు ఆర్పి, రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులేవీ చేయని ఫైలుగా) తీసి, డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అందులోని నెగడాక్టర్ అనే సాధనానికి ఫ్రేముల మధ్య ఖాళీగా ఉన్న నారింజ పట్టీని చూపిస్తే, ఆ రంగును తొలగించి బొమ్మను పాజిటివ్‌గా మారుస్తుంది. ప్రతి ఫైలుకూ ఊరు, ఏడాది, మనుషుల పేర్లు రాయండి. ఆ పెళ్లికొడుకు ఎవరో, ఏ ఊరివాడో మీకు తప్ప ఇంకెవరికి తెలుసు?

కోడాక్రోమ్ మాత్రం కొనకండి. 1935లో వచ్చిన ఆ ఫిల్మును 2009లో ఆపేశారు. రంగులు పుట్టించే రసాయనాలు అందులో ఉండవు, రీలు కడిగేటప్పుడే కలపాలి. కె-14 అనే ఆ పద్ధతిలో కడిగిన చివరి ల్యాబు అమెరికాలోని కాన్సాస్‌లో ఉండేది. 2010 చివర్లో అదీ కొత్త రీళ్లు తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడు ఆ రీలు కడిగితే నలుపు తెలుపు బొమ్మ వస్తే గొప్ప. మన ఊటీలో తయారైన ఇందు ఫిల్ము కూడా పోయింది. అవి పోవడం నాకూ బాధే. అయితే ఆగిపోయిన ఎక్టాక్రోమ్ అనే రంగుల ఫిల్ము 2018లో తిరిగివచ్చింది, రంగుల నెగెటివ్ ఫిల్ములు ఇప్పటికీ కొత్తవి అమ్ముతున్నారు. డబ్బు వాటిమీద పెట్టండి.

మీ యాషికాకు కావాల్సింది 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ. అది ఇక రాదు. 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 బ్యాటరీని అడాప్టరుతో వాడవచ్చు. రీలు ఎక్కించేముందు, ఫిల్మును ముందుకు జరిపే లీవరు తిప్పి చెవి పెట్టండి. తిప్పుతుండగా లోపల టక్‌మని వినిపించాలి. వినిపించకపోతే లోపలి రబ్బరు ముక్క అరిగిపోయినట్లే, మెకానిక్‌కు చూపించాల్సిందే.

కావలి నుంచి మరొకరు: తాతగారి పెంటాక్స్ కె1000 లెన్సులో సాలెగూడులాంటి పోగులు కనిపిస్తున్నాయి. కెమెరా పనికొస్తుందా?

తప్పకుండా. అది బూజు. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది కనుక కెమెరాను అందులోంచి తీసేయండి. సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో, మిగతా లెన్సులకు దూరంగా ఉంచండి. లెన్సు విప్పించి శుభ్రం చేయించండి. బూజు పైపూతను తినేసి ఉంటే ఆ మచ్చ మాత్రం పోదు. షట్టర్‌కు బ్యాటరీ అక్కర్లేదు, అది లైట్ మీటరుకే. మీటరుకు విడిగా స్విచ్ లేదు కాబట్టి, వాడనప్పుడు లెన్సుకు మూత పెట్టి ఉంచండి.