బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టే ముందు

బిడ్డా,

నువ్వు హైదరాబాదు ఉద్యోగం మానేసి గొర్రెలు పెంచుతావని మీ అమ్మ ఫోనులో చెప్పింది, ఏడుస్తూనే. ఫోను పెట్టేశాక నేను మీ అత్తతో "మన పిల్ల మందను మేపుతుందట" అని రెండుసార్లు అన్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నువ్వు పంపిన లెక్కల కాగితం చూశాను. కేంద్ర ప్రభుత్వ పథకం నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద 100 గొర్రెలు, 5 పొట్టేళ్లు, సగం సబ్సిడీ, 10 లక్షల దాకా. బాగానే ఉంది. కానీ ఆ 10 లక్షలను మొదటి నెలలోనే జమ వేసుకున్నావేమిటి? అక్కడే నా గుండె జారిపోయింది.

కొట్టం ఎత్తు నేల మీద కట్టు. వానలకు ముందే చిటుకు రోగానికి టీకా వేయించు. చెవి ట్యాగు ఊడితే ఆ రోజే డాక్టరుకు చెప్పు, లేకపోతే బీమా సొమ్ము దగ్గర ఇబ్బంది పడతావు. ఇవన్నీ నువ్వు చదువుకొనే ఉంటావు. నా సంగతి విను.

2017లో మన తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైంది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు, మొత్తం 1,25,000 రూపాయలు. ముప్పావు వంతు ప్రభుత్వానిది, మన వాటా 31,250. ఊరి గొర్రెల పెంపకందార్ల సొసైటీలో చీటీ తీస్తే నా పేరు రెండో జాబితాలో పడింది. తమ వాటాకు బ్యాంకు డీడీ కట్టినవాళ్లకే ముందు ఇస్తారన్న మాట ఊరంతా తిరిగింది. అప్పటికి నా దగ్గర 11 నల్ల గొర్రెలు ఉన్నాయి. ఎనిమిదింటిని అమ్మాను. "కొత్తవి వచ్చాక అమ్ముదాం" అంది మీ అత్త. "నీకేం తెలుసు" అని కసిరాను. బేరగాడు తోలుకుపోతుంటే ఆమె ముందు నడిచే గొర్రె మెడలోంచి గంట విప్పుకొని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం తినలేదు.

ప్రతి సోమవారం పశువుల ఆసుపత్రికి వెళ్లేవాడిని. "పైనుంచి బడ్జెట్ రాలేదు" అనేవాడు డాక్టరు. పాపం, ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు! నాలుగేళ్లయ్యాక ఆ 20 గొర్రెలు, పొట్టేలు కలిపిన యూనిట్ ధర 1,75,000 చేశారు. మన వాటా 43,750 అయింది కాబట్టి ఇంకో 12,500 కట్టమన్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి అదీ కట్టాను, తిరిగి తిరిగి ఆ ఆశను వదులుకోలేక. గొర్రె రెండేళ్లకు మూడు ఈతలు ఈనుతుంది. ఎనిమిది గొర్రెలు నాలుగేళ్లకు 48 పిల్లలు. రోగాలకు సగం పోయినా 24. ఈ లెక్క నేను ఎన్ని రాత్రులు వేశానో మీ అత్తకు తెలియదు. తెలిసే ఉంటుంది. చివరికి గొర్రెలు రానే లేదు. కట్టిన డబ్బు కట్టినంతే తిరిగి వచ్చింది. వడ్డీ నా నెత్తిన మిగిలింది.

నీ పథకం వేరే అంటావు. అవును, వేరే. అయినా సబ్సిడీ ఇచ్చేది రెండు విడతల్లో. రెండోది యూనిట్ పూర్తయి, అధికారులు వచ్చి చూసి వెళ్లాకే. బ్యాంకు వడ్డీ మాత్రం అప్పు చేతికి అందిన రోజు నుంచే నడుస్తుంది. రెండేళ్ల దాకా సబ్సిడీ రాకపోతే వాయిదాలు ఎలా కడతావో ముందు రాసి చూపించు. ఆఫీసులో ఇచ్చే ప్రతి కాగితానికి నకలు ఉంచుకొని, దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకో. అడగడానికి మొహమాటపడకు, నేను పడ్డాను.

ఇంకొకటి. నీ వాటా కోసం మీ అమ్మ గాజులు అమ్ముతానన్నావట. ఈ ఉత్తరం అసలు అందుకే రాస్తున్నాను. వాటి జోలికి వెళ్లావంటే నాతో మాట్లాడకు.

నా దగ్గర మిగిలిన మూడు గొర్రెల సంతతి ఇప్పుడు 14 అయింది. మీ అత్త వాటిలోంచి నాలుగు సూడి గొర్రెలను నీ కోసం విడిగా కట్టేసింది. డబ్బు ఊసెత్తితే తిడుతుంది. ముందు వాటిని తోలుకుపోయి ఒక వానాకాలం మేపి చూడు. బ్యాంకు కాగితం మీద సంతకం ఆ తరువాతే.

మీ మామయ్య